బియ్యం డ్రమ్ములో బండలు

మే 22, గురువారం

డ్రైవు కనిపించలేదు.

పొద్దున బియ్యం డ్రమ్ములో నుంచి తీశాను. కవరు విప్పి, తుడిచి, కంప్యూటరుకు పెట్టాను. నీలం లైటు వెలిగింది. కంప్యూటరు టుంగుమని మోగింది కూడా. లోపల చూస్తే సి ఉంది, డి ఉంది, దీని పేరు లేదు. పీకి మళ్లీ పెట్టాను. మళ్లీ మోగింది. మళ్లీ లేదు. లైటు వెలుగుతుంది, మోత మోగుతుంది, తీరా లోపలికి పోతే లేదంటుంది. మనిషైతే చెంప పగలగొట్టి ఉండేవాణ్ణి.

వేట నిషేధం జూన్ పద్నాలుగుతో అయిపోతుంది. పదిహేనున బోట్లు పోతాయి. ఈలోగా బండలన్నీ జీపీఎస్ మిషనులోకి ఎక్కించాలి. ప్రతి ఏడూ నిషేధం మొదలైన రోజు మిషనులో ఉన్న పాయింట్లన్నీ చెరిపేస్తాను. బోట్లు దిగే ముందు ఈ డ్రైవులో నుంచి మళ్లీ ఎక్కిస్తాను. బోటు ఒడ్డున ఉన్న రెండు నెలలూ కళాసీలు పక్క బోట్ల వాళ్లతో తిరుగుతారు. ఎవడో ఒకడు మిషను పట్టుకుపోయి తన దాంట్లోకి ఎక్కించుకున్నాడంటే, సముద్రం అడుగున చేపలు చేరే బండ ఏది ఎక్కడుందో నాయన బతుకంతా వెతికి పట్టుకున్నది, దారిన పోయే ప్రతివాడి సొత్తూ అయిపోతుంది. అందుకే చెరపడం. అందులో తప్పేమీ లేదు. ఇప్పుడు కూడా లేదు.

కాగితం మీద రాసి పెట్టలేదు. ఉప్పుకూ పప్పుకూ అయింది రోజూ రాసేవాణ్ణి, ఇవి మాత్రం రాయలేదు. కాగితాన్ని ఫోటో తీస్తారు.

ఈరోజు ఖర్చులు రేపు రాస్తాను.


మే 23, శుక్రవారం

ముఖేష్ నెల్లూరు నుంచి కొత్త తీగ తెచ్చాడు. పాతది లోపల తెగి ఉంటుందన్నాడు. మార్చి చూశాను. ముందు వైపు పెట్టాను, వెనక వైపు పెట్టాను. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను. లైటు, మోత, అంతే.

వాడు పక్కన నిలబడి చూస్తున్నాడు. బోటు మీద సముద్రానికి పోయేది వాడే, నా కొడుకు. బండలు డ్రైవులో ఉన్నాయని వాడికి తెలుసు. డ్రైవు ఎక్కడ దాస్తానో ఈరోజు వరకూ తెలియదు. "బియ్యంలోనా?" అని ఒక్క మాట అన్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టడానికి ఒక కారణం దొరికేది.


మే 24

కనిపించలేదు. పొద్దున పెట్టాను, మధ్యాహ్నం పెట్టాను, సాయంత్రం పెట్టాను.


మే 25, ఆదివారం

చిన్నపోలయ్య ఒడ్డున బోటుకు రంగు వేయిస్తున్నాడు. నీలం మీద పసుపు గీత. తమ్ముడు అని రాయడం మానేసి మూడేళ్లయింది.

నాకు వాడి మీద కోపం లేదు. పంపకం న్యాయంగానే జరిగింది. పాలెం పెద్దకాపు జయరామయ్య, తక్కిన పెద్దలు కూర్చుని చెప్పారు. నాయన బోట్లు చెరొకటి. కొత్త ఇంజను ఒకటే ఉంది, అది చిన్నోడు అడిగాడు. దానికి సాటిగా నీకేం కావాలని నన్ను అడిగితే బండలు అన్నాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సముద్రాన్ని పంచుకుంటారా అని ఒకాయన అన్నాడు. సముద్రం కాదు, పాయింట్లు అన్నాను. నాయన ఒడ్డు మీద రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి వచ్చేట్టు చూసుకుని బండ పట్టేవాడు. ఆ తాటిచెట్లు గాలివానకు పోయాయి. అవి పోకముందే నాయనను బోటులో కూర్చోబెట్టుకుని, ఒక్కో బండ మీదికీ పోయి మిషనులో పట్టించింది నేను. అయిదు వరకే చదివాను. తుఫాను షెల్టరులో పడి ఉన్న కంప్యూటరు దగ్గర కూర్చుని నాకు నేనే నేర్చుకుని వాటిని డ్రైవులోకి ఎక్కించింది కూడా నేనే. చిన్నోడు ఆ రోజుల్లో చుక్కాని పట్టాడు, అంతే.

సరేనన్నారు. ఇంజను వాడికి, బండలు నాకు. వాడు తన మిషను తెచ్చి, అందరూ చూస్తుండగా ఒక్కొక్క పాయింటూ చెరిపాడు.

అయినా వాడి బోటులో బండల దగ్గర తప్ప దొరకని చేప వస్తోంది. నిరుడు వచ్చింది, అంతకు ముందూ వచ్చింది. బండ తెలియకుండా ఆ చేప ఎట్లా వస్తుంది? రెండుసార్లు పెద్దల ముందు పెట్టాను. రుజువు ఏదని అడిగారు. రుజువు పెట్టి ఎవడన్నా దొంగిలిస్తాడా?

వాడి దగ్గర ఉంటాయి. ఉండి తీరతాయి.


మే 27, మంగళవారం

గ్రామ సచివాలయంలో ఉషారాణి అనే అమ్మాయి కంప్యూటరు పని చూస్తుంది. మన కంప్యూటరుది తప్పేమో, ఇంకో దాంట్లో పెట్టి చూద్దామని ముఖేష్ తీసుకుపోయాడు. నేను కూడా పోయాను. డ్రైవు వాడి చేతికి ఇవ్వలేదు.

అక్కడ కూడా కనిపించలేదు. ఆ అమ్మాయి డిస్క్ మేనేజ్‌మెంట్ అని ఒకటి తెరిచింది. మన దాంట్లో అట్లాంటిది ఉందని నాకు తెలియదు. అందులో కింద ఉంది. ఉంది! డ్రైవు ఉంది గానీ దానికి అక్షరం లేదు, అందుకే బయటికి కనిపించడం లేదు అని చెప్పింది. జి అని అక్షరం ఇచ్చింది. జి వచ్చింది. నొక్కింది.

వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయనా అని అడిగింది కంప్యూటరు.

ఫార్మాట్ అంటే తుడిచిపెట్టడం. ఆ అమ్మాయి చెయ్యి మౌసు మీద కదిలింది. నేను తీగ పట్టి లాగేశాను.

"నేను క్యాన్సిల్ కొట్టబోతా ఉంటే పీకేస్తిరే," అంది ఆ అమ్మాయి. "అట్ట పీకితే ఉండేది కూడా పోతాదండీ."

ముఖేష్ ఆమెకు సర్దిచెప్పాడు. నన్ను గురించి ఏం చెప్పాడో వినపడలేదు. వినపడకూడదనే చెప్పి ఉంటాడు.

రెండో కంప్యూటరులో కూడా అంతే కాబట్టి తప్పు డ్రైవుదే. కానీ నేను దాన్ని ఏం చేశాను? బియ్యంలో పెట్టాను. తేమ తగలకూడదని పెట్టాను. సముద్రం గాలికి ఇంట్లో ఇనప ముక్క ఒక్కటి నిలవదు. బియ్యం తేమ పీలుస్తుంది. ఇంతకంటే జాగ్రత్త ఎవడు పడతాడు?


మే 28, బుధవారం

తెలిసింది.

డ్రమ్ము దగ్గర నిలబడి ఉంటే పోలేరమ్మ వచ్చి ఏమిటి వెతుకుతున్నావని అడిగింది. చేతిలో డ్రైవు చూసింది. ఓ, ఆ నల్ల పెట్టెనా అంది.

ఎండలు మొదలైనప్పుడు బియ్యం పురుగు పట్టిందట. మిద్దె మీదికి మోసుకుపోయి, డ్రమ్ము బోర్లించి ఆరబోసిందట. సిమెంటు మీద టప్పుమని ఏదో పడింది, చూస్తే కవరులో నల్ల పెట్టె. సాయంత్రం వరకూ బియ్యంతో పాటు ఎండలో ఉంచి, మళ్లీ అడుగునే పెట్టేసిందట.

అది ఏమిటని నన్ను అడగొద్దా అన్నాను.

"పురుగు పట్టకుండా ఎవురో మంత్రించి ఇచ్చింది పెట్టినావేమో అనుకున్నా. అయినా పట్టిందే, పనికిరాని మంత్రం అనుకున్నా."

అరిచాను. ఆమె చేతిలో చేట కింద పెట్టింది.

"బియ్యంలో పెట్టినానని నాకు చెప్తివా?"

"చెప్తే అది దాయడం ఎట్టవుతాది?"

"దాసిందాన్ని నేనెట్ట కాపాడేది మరి? నాకు తెలిస్తే గదా జాగర్తగా తీసేది."

ఇట్లా మాట్లాడుతుంది. ఇరవై ఆరేళ్లుగా ఇంతే. గొంతు పెంచదు. పెంచితే నేను కూడా పెంచవచ్చు.


మే 29

అన్నం తినలేదు. కోపంతో కాదు. వేడి చేసింది.


జూన్ 2, సోమవారం

నెల్లూరు పోయాం, ముఖేష్, నేను. సుశీల్ కుమార్ అని ఒకతని అంగడి. పోయిన డ్రైవుల్లో నుంచి ఉన్నది బయటికి తీస్తాడని ఉషారాణి చెప్పిందట.

చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నన్ను కూడా వినమన్నాడు. లోపల టిక్కు టిక్కుమంటోంది. కిందపడ్డప్పుడు లోపలి ముల్లు దెబ్బ తినింది, చదవాల్సిన చోటికి పోలేక కొట్టుకుంటోంది అన్నాడు. ఇంకెక్కడా పెట్టొద్దు, పెట్టిన ప్రతిసారీ గీరుకుంటుంది అన్నాడు. ఇన్ని రోజులుగా ఎన్నిసార్లు పెట్టానో లెక్క వేసుకోలేదు.

వస్తాయా అని అడిగాను. నాలుగు రోజులు వదిలిపెట్టి పోతే చాలావరకు వస్తాయన్నాడు. అంతవరకూ బాగానే ఉంది.

ముందు అన్నీ తన డిస్కులోకి లాగుతాడట. తర్వాత మనకు వేరే దాంట్లో వేసి ఇస్తాడట. మీ దాంట్లో మిగిలిపోతాయి కదా అన్నాను. తర్వాత తీసేస్తానన్నాడు. తీసేశావని నాకెట్లా తెలుస్తుంది? అప్పుడు చూశాను, అతని బల్ల మీద రెండు జీపీఎస్ మిషన్లు ఉన్నాయి. రిపేరుకు వచ్చినవి. ఒకదాని మీద బోటు పేరు కూడా ఉంది. మా పక్క పాలెంది.

లోపల ఏమున్నాయని అడిగాడు. పెళ్లి ఫోటోలు అన్నాను.

"ఎవురి పెళ్లి సార్?"

"మాదే."

"మీ పెళ్లి ఫోటోలు నా దగ్గర నాలుగు రోజులుంటే ఎవురు చూస్తారు సార్?" అని నవ్వాడు.

డ్రైవు తీసుకుని బయటికి వచ్చేశాను. మైపాడు బస్సు ఎక్కాం. ముఖేష్ కిటికీలోకి చూస్తూ అన్నాడు. "సముద్రానికి పోయేది నేను నాయనా. ఆయన ఎవురికన్నా చెప్తే అప్పుడు చూసుకుందుం. ఇప్పుడు నాకే లేకపాయెనే."

ఏం తెలుసు వాడికి? ఒకసారి బయటపడితే ఆ బండ మీద పది వలలు పడతాయి. రెండేళ్లలో ఖాళీ. నాయన మా ఇద్దరికి తప్ప ఎవరికీ చూపించలేదు, మేనల్లుడికి కూడా. ఒకసారి ఎవడో వెనక వస్తున్నాడని బండ మీది నుంచి వల వేయకుండా తిరిగి వచ్చేశాడు. ఆ రోజు ఇంట్లో కూర లేదు.


జూన్ 4, బుధవారం

చల్లబరిస్తే ఒక్కోసారి పని చేస్తుందట. సోమవారం బస్టాండులో టీ దగ్గర ఒకాయన చెప్పాడు, వాళ్ల అబ్బాయి ఫ్రిజ్జులో పెట్టి తీశాడట, వచ్చిందట. వచ్చిన కాసేపట్లో అన్నీ లాగేసుకోవచ్చు. సుశీల్ కుమార్ అక్కర్లేదు.

ఇంట్లో ఫ్రిజ్జు లేకపోతే ఏం? బోటు ఐసుపెట్టె ఉంది. రెండు కవర్లు చుట్టి ఐసులో కప్పెట్టాను. చేపను పెట్టినట్టే, కింద ఒక వరస, పైన ఒక వరస. రేపటి దాకా ఉంచుతాను.

పోలేరమ్మ చూసింది. ఈసారి ఆమెకు తెలిసే పెట్టాను కదా, అంటే అనొచ్చు.


జూన్ 5

కవరులోకి నీళ్లు పోయాయి.

లైటు కూడా లేదు.


జూన్ 8, ఆదివారం

బోటు డ్రైవరు కామాక్షయ్య వచ్చాడు. కళాసీలను మాట్లాడానని చెప్పాడు, అందరూ పాతవాళ్లే. ఐసు కూడా చెప్పి వచ్చాడు. ఉత్తరపు పాలెం బోటువాళ్లు ఎక్కువ భాగం ఇస్తామని పిలిచారట. పోనని చెప్పాడట.

"నీ బండలుండగా నాకేం ఖర్మన్నా వాళ్ల వెంట పోను. ఎక్కించినావా మిషన్‌లోకి?"

"ఎక్కించినా."

"ఏదీ, ఒకసారి చూపీ. చూసుకుంటా."

"పోయే రోజు చూద్దువులే."

ఎప్పుడూ పోయే రోజే చూపిస్తాను కాబట్టి అతనికి అనుమానం రాలేదు. నేను అబద్ధం చెప్పలేదు. ఎక్కిస్తాను. పదిహేనుకు ఇంకా టైము ఉంది.

ముఖేష్ అక్కడే కూర్చుని వలకు సీసం గుండ్లు కడుతున్నాడు. తల ఎత్తలేదు.


జూన్ 10, మంగళవారం

ఒక్కణ్ణే నెల్లూరు పోయాను. నీ డిస్కులోకే లాగు, ఎవరికన్నా చూపించుకో, నాకు ఇవ్వు చాలు అని చెప్పడానికి తయారై పోయాను. చెప్పాను కూడా.

సుశీల్ కుమార్ విప్పాడు. పచ్చ అట్ట మీద తుప్పు. ఇది నీళ్లలో పడిందా అన్నాడు. ఐసులో పెట్టానన్నాను. నా మొహంలోకి చూశాడు.

"ఐసులో చేపను పెడతారు గానీ దీన్ని పెడతారా సార్?"

"మా ఇంట్లో అన్నీ పెడతాం," అన్నాను.

లోపలి బిళ్ల చూపించాడు. అద్దంలా ఉంది, దాని మీద గుండ్రంగా గీతలు. ఆ గీతలున్న చోట ఏమీ మిగలదట. మద్రాసు పంపినా డబ్బు దండగ అన్నాడు. ఆ రోజు ఇచ్చి పోయి ఉంటే వచ్చుండేవి సార్ అన్నాడు. అడగనిది ఎందుకు చెబుతారో మనుషులు.

ఇక్కడే పారేయమంటారా అని అడిగాడు. చేతిలో నుంచి లాక్కుని వచ్చాను. చెత్తలో నుంచి ఎవడన్నా తీసి చూస్తే?


జూన్ 11, బుధవారం

వాడి దగ్గర ఉంటాయి.

చేతిలో ఉన్నదాన్ని చెరుపుకునేవాడు ఎవడుంటాడు? పెద్దల ముందు చిన్నోడు ఒక మిషను చెరిపి ఉంటాడు. ఇంకో మిషనులో దాచుకుని ఉంటాడు. ఫోనులో దాచుకుని ఉంటాడు. నేనైతే దాచుకునేవాణ్ణి. అసలు మొదటినుంచీ నేను చెబుతున్నది అదే కదా. రెండుసార్లు పెద్దల ముందు చెప్పాను. ఉత్తినే చెబుతానా?

నేను పోయి వాళ్లింట్లో అడిగొస్తానని పోలేరమ్మ అంది. వద్దన్నాను. ఎందుకు వద్దంటే, ఆడవాళ్లు అడిగితే లేవని చెప్పేస్తాడు.

ఉంటాయి. ఉండి తీరతాయి. ఉండాలి.


జూన్ 12, గురువారం

పోయాను.

చిన్నోడు ఇంటి ముందు నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పంపకం తర్వాత ఆ వాకిట్లో కాలు పెట్టడం ఇదే మొదటిసారి. నన్ను చూసి లేచాడు. వాడి భార్య చెంచులక్ష్మి కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోలేదు.

"నీ దగ్గర ఉండాయా?" అన్నాను.

"ఏంటియన్నా?"

"నాయన బండలు."

వాడి మొహం ముడుచుకుపోయింది. "మళ్లీ అదేనా? పెద్దకాపు దగ్గరే తేల్చుకుందాం పో."

"తగాదాకు రాలేదు. నాకు కావాల. నా దగ్గర పోయినాయి."

చెంచులక్ష్మి గడప దాటబోతూ ఆగిపోయింది. చిన్నోడు చేతిలో వల కింద పెట్టాడు.

"అన్నీనా?"

"అన్నీ."

"నా దగ్గర లేవన్నా."

"దాసుకొని ఉంటావు."

"లేవు."

"ఒక్కటన్నా. పాత ఫోనులోనో, యాడో."

"అందరి ముందర చెరిపితిని గదా. మిషను నువ్వే చేతిలోకి తీసుకొని చూస్తివి. అన్నీ పోయినాయని పెద్దకాపుకు నువ్వే చెప్తివి."

వాడి కళ్లలోకి చూశాను. చిన్నప్పుడు అబద్ధం చెబితే ఎడమ కన్ను కొట్టుకునేది. కొట్టుకోలేదు. దాంతో ఇంకా కోపం వచ్చింది. ఏం మాట్లాడానో అన్నీ గుర్తు లేవు. నాయన సొత్తును ఎవరో నలుగురు చెప్పారని ఒక్కటి కూడా మిగుల్చుకోకుండా చెరిపేస్తావా, నీకు బుద్ధుందా, మనిషన్నవాడు ఎవడన్నా ఒకటి పక్కన పెట్టుకోడా అని అరిచాను. వీధిలో పోయేవాళ్లు నిలబడ్డారు.

చెంచులక్ష్మి అప్పుడంది. "మూడేళ్లు దాసుకున్నాడని దొంగంటివి బావా. ఇప్పుడు దాసుకోలేదని తిడతా ఉండావు. మా ఆయన ఏం చేస్తే నీకు సరిపోతాదో చెప్పు, అదే చేస్తాడు."

చిన్నోడు ఆమెను లోపలికి పొమ్మన్నాడు.

మరి ఆ చేప ఎక్కడిదని అడిగాను. ఎతుక్కున్నానన్నాడు. తాడుకు గుండు కట్టి దించుకుంటూ పోయాడట. ఇసుక తగిలితే ముందుకు, రాయి తగిలితే అక్కడ ఆగి. ఎన్నో రోజులు ఉత్త చేతులతో తిరిగొచ్చాడట. ఆ సంగతి నాకు తెలియదు. చేప తెచ్చిన రోజులే చూశాను.

"ముఖేష్ చేత మిషను పంపీ అన్నా. నేను ఎతుక్కున్నాయి ఎక్కిస్తా."

వచ్చేశాను. వస్తుంటే కుర్చీ పడిపోయింది. నేను తన్నలేదు, కాలికి అడ్డం వచ్చింది.


జూన్ 13, శుక్రవారం

మిషను పంపలేదు. పంపను.

ఇంజను వాడు తీసుకున్నాడు. బండలు కూడా వాడివే తీసుకుంటే ఇక నేను పంచుకున్నది ఏమిటి? పాలెంలో తెలిస్తే ఏమంటారు? పెద్దకాపు ముందు ఏ మొహంతో కూర్చుంటాను?

కళాసీలు వచ్చి వలలు బోటులోకి ఎక్కించారు. అందరూ నా బండల మీదికి పోతున్నామనుకుంటున్నారు. పెద్దబండ అంకెలు నోటికి వచ్చు గానీ, ఒక్క బండతో బోటు నడవదు. ఎదురుగా ఇన్ని నీళ్లున్నాయి, ఎక్కడని వల వేస్తారు? ఖాళీగా నాలుగు రోజులు తిరిగితే కామాక్షయ్య పోతాడు, వాడి వెనక అందరూ పోతారు. ముఖేష్ ఇంకొకడి బోటులో కళాసీగా ఎక్కాలి.

పంపను.


జూన్ 14, శనివారం

మధ్యాహ్నం చూస్తే అలమరలో మిషను లేదు. పోలేరమ్మను అడగలేదు. ఆమె చెప్పలేదు. సాయంత్రానికి మళ్లీ దాని చోటులో అది ఉంది.

ముట్టుకోకూడదనుకున్నాను. ముట్టుకున్నాను. చిన్నోడి పాయింట్లన్నీ ఎక్కి ఉన్నాయి.

వాడి పాయింట్లకు వాడు పెట్టుకున్న పేర్లు చూడాలి. 'వల చిరిగింది'. 'పరవాలేదు'. 'చిన్న రాయి'. 'చెంచు తిట్టింది'. నాయన ఎంత చక్కటి పేర్లు పెట్టాడు ఒక్కోదానికీ.

'వల చిరిగింది' అంకెలు చూసి లేచి నిలబడ్డాను. నాయన బండల్లో పెద్దబండ ఒక్కటే నాకు నోటికి వచ్చు, మొదటిది కాబట్టి ప్రతి ఏడూ ముందు దాన్నే ఎక్కించేవాణ్ణి. అవే అంకెలు. దొరికాడు! లేవు లేవని నా మొహం మీద చెప్పాడే, ఇదిగో ఉంది. పోలేరమ్మను పిలిచాను. ఆమె వచ్చేలోపల చివరి అంకెలు చూశాను.

వేరు. చాలా కొంచెం వేరు.

మార్చి పెట్టుకున్నాడు. దొరకకుండా చివర రెండంకెలు మార్చాడు. అంతే అయి ఉంటుంది. ఏమిటని పోలేరమ్మ అడిగింది. ఏమీ లేదన్నాను.


జూన్ 15, ఆదివారం

బోటు పోయింది. పోయేముందు కామాక్షయ్యకు మిషను ఇచ్చాను. పేర్లు చూశాడు. నన్ను చూశాడు. ఒడ్డున నీలం మీద పసుపు గీత ఉన్న బోటును చూశాడు. "సరే అన్నా," అన్నాడు.

సాయంత్రం వచ్చారు. చేప బాగానే పడింది. వల కూడా చిరిగింది.

కామాక్షయ్యను పక్కకు పిలిచి 'వల చిరిగింది' అనే చోటు ఎట్లా ఉందని అడిగాను. రాతి మీదికే పోయామన్నాడు. పెద్ద రాయి, దక్షిణపు కొస మీద ఉంది పాయింటు, అక్కడ వల వేసి ఉత్తరానికి జరిగేసరికి పట్టుకుని చిరిగింది, రాయి అటు ఎంత దూరం ఉందో తెలియలేదు అన్నాడు. దక్షిణపు కొసేనా అని మళ్లీ అడిగాను. అదేనన్నాడు. ఇంకోసారి అడిగితే విసుక్కున్నాడు.

నాయన పాయింటు ఉత్తరపు కొస. తాటిచెట్ల గుర్తు పట్టి పోతే ఆ కొసకే పోతారు.

ఊరికే అంకెలు మార్చి ఉంటే ఇసుకలో పడాలి. ఇది రాతి మీద ఉంది, అవతలి కొస మీద. అంటే దక్షిణం నుంచి గుండు దించుకుంటూ వచ్చినవాడికి తగిలిన చోటు అది. చిన్నోడి వల కూడా నిరుడు అక్కడే చిరిగిందట, ముఖేష్ చెప్పాడు. ఉత్తరపు కొస తెలిసినవాడి వల అక్కడ చిరగదు.

వాడి దగ్గర లేవు. ఎప్పుడూ లేవు.

ఇన్నేళ్ల కోపం ఎక్కడ పెట్టుకోను? తుఫాను షెల్టరు దాకా నడిచి వచ్చాను. తగ్గలేదు. ఇప్పుడది ఎవరి మీదో కూడా తెలియడం లేదు.


జూన్ 16, సోమవారం

తెల్లారి ఒడ్డుకు పోయాను. చిన్నోడి బోటు అప్పుడే నీళ్లలోకి దించారు. ఇంజను వేశాడు. ఎంత మోత ఆ ఇంజనుకు! నాకు వచ్చి ఉంటే దాన్ని అట్లా ఉంచేవాణ్ణి కాదు. గాలి కూడా దక్షిణం నుంచి గట్టిగా ఉంది.

మోకాళ్ల లోతుకు దిగి పిలిచాను. తిరిగి చూశాడు.

"పెద్దబండ ఉత్తరపు కొస. రాసుకో," అన్నాను.

చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇంకొంచెం ముందుకు పోయి మళ్లీ చెప్పాను. ఈసారి వినపడింది. వాడు చుక్కాని వదలకుండా అక్కడే నిలబడిపోయాడు.

"అది నీ భాగం గదన్నా," అన్నాడు.

"రెండు కొసలూ తెలీకుండా వల ఎట్ట వేస్తావురా? వేసి చింపుకుంటావా? రాసుకో."

మిషను తీశాడు. నేను అంకెలు చెప్పాను. నాయనతో పోయి మిషనులో పట్టించిన రోజు నుంచి ఈ రోజు వరకూ ఆ అంకెలు నోటితో బయటికి అన్నది లేదు. ఇంటి లోపల కూడా అనలేదు. ఇంజను మోతకు, గాలికి మామూలుగా చెబితే వినపడదు, అరిచి చెప్పాల్సి వచ్చింది. ఒడ్డున ముఖేష్ ఉన్నాడు. కామాక్షయ్య ఉన్నాడు. పక్క బోటు కళాసీలు ఉన్నారు, ఐసు బండివాడు ఉన్నాడు. అందరూ పనులు ఆపి నన్నే చూస్తున్నారు.

చివరి అంకె వాడికి అందలేదట. మళ్లీ చెప్పమన్నాడు.

మొదటి నుంచి మళ్లీ అరిచాను.